పైకప్పు మార్పిడి పనిలో డంప్‌స్టర్ అద్దె

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇంటి పాత పైకప్పును ఊడదీసి కొత్తది వేయించేటప్పుడు వచ్చే వ్యర్థాలను పోయుటకు ఒక పెద్ద ఇనుప పెట్టెను కొన్ని రోజులపాటు అద్దెకు తీసుకొంటారు. ఈ పెట్టెను వాడుకలో డంప్‌స్టర్ అనీ, వృత్తి పరిభాషలో రోల్-ఆఫ్ కంటెయినర్ అనీ అంటారు. అద్దె ఇచ్చే సంస్థ దీనిని లారీపై తెచ్చి ఇంటి ముంగిట దించుతుంది. పని ముగిసిన పిదప నిండిన పెట్టెను తీసుకొనిపోయి, తూకము వేయించి, వ్యర్థాలను పూడ్పుస్థలములో గానీ పునర్వినియోగ కేంద్రములో గానీ దించివేస్తుంది. పెట్టె అద్దె, రవాణా, కొంత బరువు వరకు దింపుడు రుసుము సాధారణముగా ఒకే ధరలో కలిసి ఉంటాయి.

చూచుటకు ఇది చిన్న విషయమే. అయితే పైకప్పు వ్యర్థము మిగిలిన ఇంటి చెత్త వంటిది కాదు. పరిమాణము తక్కువ, బరువు ఎక్కువ. పెట్టె సగము కూడా నిండకముందే ఒప్పందములోని బరువు పరిమితి దాటిపోవచ్చును. ఈ పనిలో ఇంటి యజమానులకు ఎదురయ్యే అనుకోని ఖర్చులలో ఎక్కువ భాగము ఈ ఒక్క సంగతిని గ్రహించకపోవుట వలన వచ్చేవే.

పేరు, చరిత్ర

డంప్‌స్టర్ అనే మాట ఒక వ్యక్తి ఇంటిపేరు నుండి పుట్టినది. టెనెస్సీ రాష్ట్రములోని నాక్స్‌విల్ నగరానికి చెందిన జార్జ్ రోబీ డెంప్‌స్టర్ (1887–1964) యువకుడిగా ఉన్నపుడు పనామా కాలువ నిర్మాణములో ఆవిరి పారయంత్రములపై పనిచేశాడు. తరువాత సోదరులతో కలిసి నిర్మాణ వ్యాపారము సాగించాడు. మట్టిని, రాతిని లారీలోనికి ఎత్తిపోయుటకు కూలీలు, యంత్రాలు గంటల తరబడి నిరీక్షించవలసి వచ్చేది. దానిని తప్పించుటకు పెట్టెను లారీ నుండి వేరుచేసి, నిండిన తరువాత లారీయే వచ్చి దానిని ఎత్తుకొనిపోయే పద్ధతిని ఆయన 1930లలో రూపొందించాడు. తన పేరును, కుమ్మరించుట అనే అర్థముగల ఆంగ్ల పదమును కలిపి దీనికి డెంప్‌స్టర్-డంప్‌స్టర్ అని పేరు పెట్టారు. డెంప్‌స్టర్ 1950లలో నాక్స్‌విల్ నగర మేయరుగా కూడా పనిచేశాడు. ఆ వ్యాపార నామము కాలక్రమమున ఏ సంస్థ పెట్టెకైనా వర్తించే సామాన్య నామముగా మారిపోయినది. తెలుగులో వనస్పతికి డాల్డా అన్న పేరు స్థిరపడుటతో దీనిని పోల్చవచ్చును.

బ్రిటన్‌లో ఇటువంటి పెట్టెను స్కిప్ అంటారు. ఆస్ట్రేలియాలో స్కిప్ బిన్ అనే పేరు వాడుకలో ఉన్నది. అక్కడి పెట్టెలు అంచులు వాలుగా ఉండి, గొలుసులతో ఎత్తుటకు అనువుగా ఉంటాయి. అమెరికా పైకప్పు పనులలో వాడే పెట్టె దీర్ఘచతురస్రాకారములో ఉండి, అడుగున చక్రాలు కలిగి, వాల్చిన లారీ పట్టాలపైనుండి నేలకు జారుతుంది. రోల్-ఆఫ్ అనే పేరు అందువలననే వచ్చినది.

పైకప్పును ఎందుకు ఊడదీస్తారు

అమెరికాలోని ఇళ్ళకు ఎక్కువగా ఆస్ఫాల్ట్ షింగిల్స్ అనే పలుచని పలకలను కప్పుతారు. ఇవి మిచిగన్ రాష్ట్రములోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణములో 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో వాడుకలోనికి వచ్చినవి. గాజునార పొరకు రెండువైపులా తారు వంటి ఆస్ఫాల్ట్ పట్టించి, పైన రంగురాతి రవ్వను అద్ది వీటిని తయారుచేస్తారు. ఆస్ఫాల్ట్‌లో సున్నపురాతి పొడి కూడా కలుపుతారు. రాతి రవ్వ, రాతి పొడి బరువు గల పదార్థాలు. చేతికి పలుచగా, తేలికగా కనిపించే షింగిల్ గుట్టగా పడినపుడు అంత బరువు తూగుటకు కారణము ఇదే.

ఈ పలకలు ఎండకు పెళుసెక్కి, రవ్వ రాలిపోయి, సుమారు రెండు మూడు దశాబ్దాలలో మార్పిడికి వస్తాయి. వడగండ్లు పడే ప్రాంతాలలో ఇంకా ముందే మార్చవలసి రావచ్చును. పాతవాటిపైననే కొత్తవి పరచే పద్ధతి కూడా కలదు. అయితే ఆ దేశపు నమూనా గృహనిర్మాణ నియమావళి ప్రకారము అప్పటికే రెండు పొరలు ఉన్న కప్పుపై మూడవ పొర వేయరాదు, పాతవన్నీ ఊడదీయవలెను. పాత పొర తడిసి ముద్దయినా, కొత్త పొరకు ఆధారముగా పనికిరాకపోయినా ఊడదీయక తప్పదు. ఈ ఊడదీతలోనే డంప్‌స్టర్ అవసరము ఏర్పడుతుంది.

పెట్టెల పరిమాణాలు

డంప్‌స్టర్‌ను ఘనపు గజాలలో కొలుస్తారు. ఒక ఘనపు గజము అనగా మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు గల చోటు. అంటే 27 ఘనపు అడుగులు లేదా సుమారు 0.76 ఘనపు మీటర్లు. సాధారణముగా లభించేవి 10, 15, 20, 30, 40 గజాల పెట్టెలు. రోడ్డుపై వాహనపు వెడల్పుకు ఎనిమిదిన్నర అడుగుల పరిమితి ఉన్నందున పెట్టెలన్నీ ఇంచుమించు ఎనిమిదడుగుల వెడల్పే ఉంటాయి. పెద్ద పెట్టెలు 22 అడుగుల పొడవు వరకు ఉంటాయి. 20, 30, 40 గజాల పెట్టెల మధ్య ప్రధానమైన తేడా ఎత్తులోనే ఉంటుంది. 20 గజాల పెట్టె గోడ మనిషి ఛాతీ ఎత్తు వరకు వస్తే, 40 గజాల పెట్టె గోడ సుమారు ఎనిమిదడుగులు ఉంటుంది. పైకప్పు పనికి 10 నుండి 20 గజాల పెట్టెలనే ఎక్కువగా వాడుతారు.

40 గజాల పెట్టె తీసుకుంటే ఒకేసారి అంతా పట్టిపోతుంది కదా అని తోచుట సహజము. కానీ దానిని షింగిల్స్‌తో నింపితే లారీ దానిని చట్టబద్ధముగా మోయలేదు. అమెరికా జాతీయ రహదారులపై ఒక్క ఇరుసుకు 20,000 పౌండ్లు, జంట ఇరుసులకు 34,000 పౌండ్లు, మొత్తము వాహనానికి 80,000 పౌండ్లు గరిష్ట పరిమితి. ఈ 80,000 పౌండ్ల పరిమితి 1974 నాటి చట్టముతో వచ్చినది. ముందు ఒక ఇరుసు, వెనుక జంట ఇరుసులు గల మామూలు రోల్-ఆఫ్ లారీకి ఈ లెక్కన 54,000 పౌండ్లు మించరాదు. అందులో లారీ బరువు, ఖాళీ పెట్టె బరువు పోగా సరుకుకు మిగిలేది ఉజ్జాయింపుగా 10 టన్నులు. రాష్ట్రాల సొంత రోడ్లపై నియమాలు కొంత మారుతాయి గానీ లెక్క తీరు ఇదే. అందుచేత అనేక సంస్థలు 30, 40 గజాల పెట్టెలను పైకప్పు వ్యర్థానికి ఇచ్చుటకు అంగీకరించవు. ఇచ్చినా గోడపై ఒక గీత గీసి అంతవరకే నింపవలెనని చెబుతాయి.

బరువు లెక్క

పైకప్పు పనివారు విస్తీర్ణమును స్క్వేర్ అనే ప్రమాణముతో కొలుస్తారు. ఒక స్క్వేర్ అనగా 100 చదరపు అడుగులు, సుమారు 9.3 చదరపు మీటర్లు. మామూలు షింగిల్స్ మూడు కట్టలతో ఒక స్క్వేర్ పూర్తి అవుతుంది. మూడు రెక్కల పలుచని రకము స్క్వేర్‌కు 200 నుండి 250 పౌండ్లు, మందమైన ఆర్కిటెక్చరల్ రకము 250 నుండి 350 పౌండ్లు, కొన్ని ఇంకా ఎక్కువ తూగుతాయి.

కప్పు విస్తీర్ణము ఇంటి నేల విస్తీర్ణముతో సమానము కాదు. చూరులు గోడలను దాటి బయటకు వస్తాయి. వాలు పెరిగిన కొలదీ పరచవలసిన వైశాల్యము కూడా పెరుగుతుంది. 12 అంగుళాల అడ్డానికి 4 అంగుళాలు లేచే వాలుకు నేల కొలతను 1.054తో, 6 అంగుళాలు లేచే వాలుకు 1.118తో, 8 అంగుళాల వాలుకు 1.202తో హెచ్చించవలెను. 12కు 12 లేచే నిటారు కప్పుకు ఈ గుణకము 1.414. పాఠశాలలో చదివిన పైథాగరస్ సిద్ధాంతమే ఇక్కడ పనికివస్తుంది.

ఒక ఉదాహరణ చూడవచ్చును. చూరులతో కలిపి 2,000 చదరపు అడుగుల నేలను కప్పే ఇంటికి 6/12 వాలు ఉన్నదనుకుంటే కప్పు వైశాల్యము 2,236 చదరపు అడుగులు, అనగా 22 స్క్వేర్‌లకు కొంచెము పైన. స్క్వేర్‌కు 235 పౌండ్ల చొప్పున ఒక పొర షింగిల్స్ 5,255 పౌండ్లు తూగుతాయి. అడుగున పరచే తారు కాగితము, మేకులు, సందులలో వేసిన రేకు పట్టీలు కలిపి మరో పదోవంతు వేసుకొంటే మొత్తము సుమారు 5,780 పౌండ్లు. అమెరికా టన్ను 2,000 పౌండ్లు, అనగా 907 కిలోలు. కావున ఇది 2.9 టన్నులు. అదే కప్పుపై రెండు పొరలు ఉన్నట్లయితే 5.8 టన్నులు అవుతుంది. ఒప్పందములో 3 టన్నుల వరకే ధరలో కలిసి ఉంటే మొదటి ఇంటి యజమాని గట్టెక్కుతాడు. రెండవ ఇంటి యజమాని 2.8 టన్నులకు అదనపు రుసుము కట్టవలెను. టన్నుకు 70 డాలర్లు అనుకుంటే అది 196 డాలర్లు. రెండు సందర్భాలలోనూ పెట్టె ఒక్కటే, వీధిలోనుండి చూస్తే ఇళ్ళు కూడా ఒకేలా కనిపిస్తాయి.

కాబట్టి పెట్టెకు ఫోను చేయుటకు ముందే ఎన్ని పొరలున్నవో తెలుసుకొనుట ముఖ్యము. చూరు అంచున ఉన్న లోహపు పట్టీని కొద్దిగా ఎత్తి చూస్తే పొరలు లెక్కకు వస్తాయి. ఒక మూల ఒక పొర, మరొక మూల రెండు పొరలు ఉన్న ఇళ్ళు కూడా ఉన్నవి. కనుక ఒకచోట చూచి ఊరుకొనరాదు.

ఇతర రకాల కప్పులకు లెక్క పూర్తిగా మారిపోతుంది. కాంక్రీటు పెంకులు స్క్వేర్‌కు సుమారు 1,000 పౌండ్లు తూగుతాయి. పైన చెప్పిన ఇంటికే అవి ఉంటే వ్యర్థము 11 టన్నులు దాటుతుంది, ఒక్క లారీకి మించిన బరువు. పలకరాయి కప్పు కూడా ఇంచుమించు ఇంత బరువే. దేవదారు చెక్క పలకలు ఇందుకు విరుద్ధము. బరువు తక్కువ, చోటు ఎక్కువ ఆక్రమిస్తాయి. కప్పు అడుగున ఉన్న ప్లైవుడ్ కుళ్ళిపోతే దానిని కూడా తీసివేస్తారు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల బల్ల ఒక్కొక్కటి సుమారు 45 పౌండ్లు ఉంటుంది. ఎన్ని బల్లలు పాడైనవో పై పొర తీసేవరకు ఎవరికీ తెలియదు గనుక అంచనాలో కొంత వెసులుబాటు ఉంచుకొంటారు.

వానను కూడా లెక్కలోనికి తీసుకొనవలెను. 22 అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల లోపలి వెడల్పు గల పెట్టె నోటి వైశాల్యము 165 చదరపు అడుగులు. దానిపై ఒక అంగుళము వాన కురిస్తే పడే నీటి బరువు సుమారు 860 పౌండ్లు. అందులో కొంత తలుపు సందులనుండి కారిపోతుంది. మిగిలినది తారు కాగితములో, చెక్కలో, గుట్ట సందులలో నిలిచి తూకములో చేరుతుంది. రాత్రివేళ పెట్టెపై టార్పాలిన్ కప్పమని చెప్పుటకు కారణము ఇది.

అద్దె ఒప్పందము

ధరలు ఊరిని బట్టి, దగ్గరలోని పూడ్పుస్థలపు రుసుమును బట్టి బాగా మారుతాయి. 10 నుండి 20 గజాల పెట్టెకు రమారమి 300 నుండి 800 డాలర్ల వరకు ఉండవచ్చును. ఈ మొత్తములో ఏమేమి కలిసి ఉన్నవనేదే అసలు ప్రశ్న. గడువు సాధారణముగా ఒకటి రెండు వారాలు. తరువాత ప్రతి రోజుకూ అదనము. బరువు పరిమితి రెండు టన్నులు ఉండవచ్చు, నాలుగు టన్నులు ఉండవచ్చు. తక్కువ ధర చెప్పిన సంస్థ తక్కువ బరువును ఇచ్చి ఉండుట సాధారణము. అందువలన రెండు సంస్థల ధరలను పోల్చునపుడు పైన చెప్పిన విధముగా ఇంటి వ్యర్థపు బరువును కట్టి, అంత బరువుకు మొత్తము ఎంత అవుతుందని అడుగుట మంచిది. కేవలము అద్దెను పోల్చి చూచుట వలన ప్రయోజనము లేదు.

లారీ వచ్చి పెట్టెను దించలేక గానీ ఎత్తలేక గానీ తిరిగిపోతే దానికి వృథా ప్రయాణపు రుసుము వేస్తారు. కారు అడ్డముగా నిలిపి ఉంచుట, పెట్టె అంచుకు పైన వ్యర్థము పొంగి ఉండుట, లోపల నిషిద్ధ వస్తువులు కనిపించుట ఇందుకు సాధారణ కారణాలు. రంగు డబ్బాలు, బ్యాటరీలు, టైర్లు, గ్యాస్ సిలిండర్లు, రిఫ్రిజిరేటర్లు వంటివాటిని అంగీకరించరు. పెట్టె వచ్చినది కదా అని అటకమీది పాత సామానంతా అందులో వేయుట చాలా ఇళ్ళలో జరుగుతుంది. కొన్ని సంస్థలు శుద్ధమైన షింగిల్ వ్యర్థానికి వేరే ధర ఇస్తాయి. అందులో సోఫా ఒకటి పడినా ఆ ధర వర్తించదు.

ఎక్కువ సందర్భాలలో పెట్టెను ఇంటి యజమాని కాక పైకప్పు గుత్తేదారే తెప్పిస్తాడు. అపుడు గుత్తేదారు ఇచ్చిన అంచనాలో ఊడదీత, తరలింపు, దింపుడు రుసుము అన్నవి స్పష్టముగా వ్రాసి ఉన్నవో లేదో చూచుకొనవలెను. రెండవ పొర బయటపడితే అదనము ఎవరిదో కూడా అందులోనే ఉండవలెను. ఈ ఒక్క వాక్యము లేకపోవుట వలన పని మధ్యలో వివాదాలు పుడతాయి.

వడగండ్ల వలన కప్పు దెబ్బతిన్నపుడు భీమా సంస్థ ఇచ్చే అంచనాలో సాధారణముగా ఊడదీత, తరలింపు ఖర్చులు కూడా చేరి ఉంటాయి. టెక్సాస్‌లోని డల్లాస్ పరిసరాలలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసిస్తున్నవి. అది వడగండ్ల దెబ్బ తరచుగా తగిలే ప్రాంతము. గాలివాన వెలిసిన మరునాడే ఇంటింటికీ తిరిగి తలుపు తట్టే గుత్తేదారులు అక్కడ మామూలు. టెక్సాస్ రాష్ట్రములో పైకప్పు పనివారికి రాష్ట్రస్థాయి లైసెన్సు విధానము లేదు. భీమాలో యజమాని భరించవలసిన వాటాను తామే మాఫీ చేస్తామని గుత్తేదారులు చెప్పుట 2019 సెప్టెంబరు 1 నుండి అక్కడ చట్టవిరుద్ధము. అటువంటి మాట చెప్పేవారితో ఒప్పందము చేసుకొనకుండుటయే క్షేమము.

పెట్టెను నిలుపు చోటు

పెట్టెకు ఇంటి ముందరి డ్రైవ్‌వే అనువైన చోటు. చూరుకు ఎంత దగ్గరగా ఉంటే పనివారికి అంత శ్రమ తగ్గుతుంది. లారీ నేరుగా వెనుకకు వచ్చి పెట్టెను జార్చుటకు సుమారు 60 అడుగుల నిడివి కావలెను. వాల్చినపుడు పెట్టె ముందు భాగము 20 అడుగులకు పైగా లేస్తుంది. కనుక పైన విద్యుత్ తీగలు, చెట్టు కొమ్మలు లేకుండా చూడవలెను. పెట్టె వెనుక తలుపు పూర్తిగా తెరుచుకొనుటకు కూడా చోటు విడువవలెను. ఈ తలుపు ఉన్నవైపు ఇంటికి ఎదురుగా ఉంటే బరువైన కట్టలను మోసుకొనివెళ్ళి లోపలి చివర పెట్టవచ్చును.

నిండిన పెట్టె బరువంతా నాలుగు చిన్న ఉక్కు చక్రాలపై, రెండు పట్టాలపై ఆనుతుంది. వేసవిలో మెత్తబడిన తారు డ్రైవ్‌వేపై అవి గుంటలు పెడతాయి. కాంక్రీటు అంచులు పగలవచ్చును. చక్రాల క్రింద మందమైన చెక్కలు పరచుట పాత పద్ధతి, ఇప్పటికీ అదే మేలైనది. చెక్కలు ఎవరు తెస్తారో ముందే అడుగవలెను. అనేక ఒప్పందాలలో డ్రైవ్‌వేకు జరిగే నష్టానికి సంస్థ బాధ్యత వహించదని వ్రాసి ఉంటుంది.

స్వంత స్థలములో పెట్టెను నిలుపుటకు చాలా ఊళ్ళలో అనుమతి అక్కరలేదు. వీధిలో గానీ కాలిబాటపై గానీ నిలిపితే పురపాలక అనుమతి కావలెను. గృహయజమానుల సంఘాలు ఉన్న కాలనీలలో సంఘపు నియమాలు వేరుగా ఉంటాయి. ఎన్ని రోజులు ఉంచవచ్చును, ఏ వేళలలో లారీ రావచ్చును అనేవి అందులో ఉంటాయి. న్యూయార్క్ నగరములో వీధిలో పెట్టె నిలుపుటకు రవాణా శాఖ అనుమతి అవసరము. వాణిజ్య వ్యర్థాలను మోసే సంస్థలకు అదనముగా వేరొక లైసెన్సు ఉండవలెను. ఈ లైసెన్సుకు వెనుక ఒక కథ ఉన్నది. దశాబ్దాలపాటు ఆ నగరములోని ప్రైవేటు చెత్త రవాణా నేర ముఠాల అదుపులో ఉండేది. ధరలను వారే నిర్ణయించేవారు. 1995లో పెద్దయెత్తున అభియోగాలు మోపిన తరువాత, 1996లో నగరము ఈ వ్యాపారమును నియంత్రించుటకు ప్రత్యేక సంఘమును ఏర్పాటు చేసినది. అదే తరువాత బిజినెస్ ఇంటెగ్రిటీ కమిషన్‌గా మారినది.

ఊడదీత, నింపుట

పని సాధారణముగా ఒకటి రెండు రోజులలో ముగుస్తుంది. పనివారు పళ్ళ పారలతో కప్పు శిఖరము నుండి క్రిందికి షింగిల్స్‌ను పెళ్ళగిస్తూ వస్తారు. పెట్టె చూరు క్రిందనే ఉంటే నేరుగా అందులోనికి జార్చుతారు. లేనిచో క్రింద పరచిన టార్పాలిన్‌లపై వేసి తరువాత ఎత్తిపోస్తారు. అమెరికా కార్మిక భద్రతా నియమాల ప్రకారము భవనపు బయటివైపు 20 అడుగులకు మించిన ఎత్తునుండి వస్తువులను జారవిడువవలసి వస్తే మూసిన గొట్టము వంటి జారుడు మార్గము ఉండవలెను. నిర్మాణ పనులలో ఆరడుగులు, అంతకు మించిన ఎత్తున పనిచేసేవారికి పడిపోకుండా రక్షణ ఏర్పాటు ఉండవలెను. ఆ దేశములో పైకప్పు పని అత్యంత ప్రమాదకరమైన వృత్తులలో ఒకటి.

పెట్టెలో బరువును అడుగంతా సమముగా పరచవలెను. ఒకే మూలన గుట్టగా పోస్తే లారీ ఎత్తునపుడు పెట్టె ఒరుగుతుంది. పొడవాటి చెక్కలను అడుగున పడుకోబెట్టి, వాటిపై షింగిల్స్ పోయుట మేలు. వ్యర్థము అంచుకు పైకి రాకూడదు. రోడ్డుపై పోవునపుడు పైన వల గానీ గుడ్డ గానీ కప్పవలెను.

పెట్టె వెళ్ళిపోయిన తరువాత కూడా కొంత పని మిగులుతుంది. ఒక్కొక్క షింగిల్‌కు నాలుగు మేకుల చొప్పున వేసినా ఒక ఇంటి కప్పులో వేల మేకులు ఉంటాయి. అవి గడ్డిలో, పూలమొక్కల మధ్య, డ్రైవ్‌వేపై రాలుతాయి. చక్రాలుగల అయస్కాంతపు కడ్డీని నేలపై నడిపి వీటిని ఏరుతారు. పెట్టె ఉన్న చోట దాని క్రింద పడినవి కనిపించవు గనుక, పెట్టె వెళ్ళిన తరువాత మరొకసారి నడుపవలెను. పిల్లలు చెప్పులు లేకుండా ఆడుకొనే ఇంట ఈ రెండవసారి అన్నింటికన్న ముఖ్యము.

ఆస్బెస్టాస్

పాత ఇళ్ళలో కప్పు పలకలు, అడుగు కాగితాలు, సందులను పూడ్చే తారు ముద్దలలో ఆస్బెస్టాస్ నార ఉండే అవకాశము ఉన్నది. ఆస్బెస్టాస్ సిమెంటు పలకలు 20వ శతాబ్దపు పూర్వార్ధములో విరివిగా వాడబడినవి. ఇవి విరిగినపుడు గాలిలోనికి లేచే నార ఊపిరితిత్తులలో చేరి దశాబ్దాల తరువాత క్యాన్సరుకు దారితీస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024 మార్చిలో క్రిసోటైల్ రకపు ఆస్బెస్టాస్ వాడకమును నిషేధిస్తూ నియమము తెచ్చినది. కానీ ఇదివరకే కప్పులపై ఉన్నది అక్కడే ఉన్నది. 1973లో మొదలైన సమాఖ్య నియమాలు కూల్చివేత, మరమ్మతు పనులలో ఆస్బెస్టాస్‌ను ఎట్లు తీయవలెనో చెబుతాయి. నాలుగు లేదా అంతకు తక్కువ వాటాలు గల నివాస గృహాలకు వీటినుండి సాధారణముగా మినహాయింపు ఉన్నా, రాష్ట్రాల నియమాలు ఇంకా కఠినముగా ఉండవచ్చును. సందేహము ఉన్న కప్పునుండి చిన్న ముక్కను ప్రయోగశాలకు పంపి పరీక్షింపజేసిన తరువాతనే పెట్టెను తెప్పించవలెను. ఆస్బెస్టాస్ వ్యర్థమును మామూలు డంప్‌స్టర్‌లో వేయరాదు. అది తెలియక కలిస్తే పెట్టెలోని సరుకంతా ప్రత్యేక వ్యర్థముగా మారి ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

వ్యర్థము చేరే చోటు

అమెరికాలో 2018లో నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలు 60 కోట్ల టన్నులని పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా వేసినది. అందులో తొమ్మిది పదులకు పైగా శాతము కూల్చివేతల వలన వచ్చినదే. పైకప్పు షింగిల్స్ ఏటా కోటి టన్నులకు మించి వస్తాయి. వీటిలో అధిక భాగము పూడ్పుస్థలాలకే పోతున్నది. మేకులను అయస్కాంతముతో తీసివేసి, షింగిల్స్‌ను పొడిచేసి రోడ్డు తారులో కొద్ది పాళ్ళలో కలుపవచ్చును. షింగిల్‌లోని ఆస్ఫాల్ట్ రోడ్డు తారుకు కొంతవరకు బదులుగా పనిచేస్తుంది. అయితే ఏళ్ళ తరబడి ఎండలో ఉన్న ఆస్ఫాల్ట్ గట్టిపడి ఉంటుంది. ఎక్కువ పాలు కలిపితే చలికి రోడ్డు పగుళ్ళు విచ్చే అవకాశము ఉన్నది. దగ్గరలో తారు మిశ్రమపు కర్మాగారము లేని ఊళ్ళలో రవాణా ఖర్చే లాభమును మింగివేస్తుంది.

ఇతర మార్గాలు

చిన్న షెడ్డు, వరండా కప్పు వంటి వాటికి డంప్‌స్టర్ అక్కరలేదు. బ్యాగ్‌స్టర్ అనే పేరుతో మడత సంచి ఒకటి దుకాణాలలో అమ్ముతారు. ఇది మూడు ఘనపు గజాలు, 3,300 పౌండ్ల వరకు పట్టుతుంది. కొందరు గుత్తేదారులు తమ సొంత డంప్ ట్రైలరును తెచ్చి సాయంకాలము తామే దించివస్తారు. పెట్టె ముంగిట రోజుల తరబడి ఉండదు, డ్రైవ్‌వేకు హాని తక్కువ. సొంత వాహనములో తానే మోసుకొనిపోదామనుకొనే యజమాని పైన చెప్పిన 2.9 టన్నుల లెక్కను ఒకసారి చూడవలెను. అరటన్ను మోసే పికప్ వాహనానికి అది ఆరు తిరుగుళ్ళు.

తెలుగునాట

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో నేడు ఎక్కువ ఇళ్ళకు కాంక్రీటు స్లాబు కప్పు ఉన్నందున ఈ విధమైన మార్పిడి పని ఉండదు. పెంకుటిళ్ళ కప్పు విప్పినపుడు పెంకులను, దూలాలను, వాసాలను ఏరి దాచుకొంటారు లేదా అమ్ముతారు. విరిగినవి మాత్రమే పునాదులలో, గుంటలలో పోస్తారు. స్లాబు కూల్చినపుడు శిథిలాలను ట్రాక్టరు ట్రక్కులలో తరలిస్తారు. వ్యర్థము అక్కడే కుప్పగా పోయబడి తరువాత ఎత్తబడుతుంది గానీ, పెట్టెను రోజుల లెక్కన అద్దెకు తెచ్చే అలవాటు అంతగా లేదు. అయితే పురపాలక సంఘాలు వాడే డంపర్ ప్లేసర్ వాహనము, అనగా వీధిలోని ఇనుప కుండీని రెండు చేతులతో ఎత్తుకొనిపోయే లారీ, డెంప్‌స్టర్ రూపొందించిన పద్ధతికి దగ్గరి చుట్టమే.

భారతదేశములో నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నియమాలు 2016లో వచ్చినవి. రోజుకు 20 టన్నులు లేదా ఒక పనికి నెలకు 300 టన్నులు, అంతకు మించి వ్యర్థము పుట్టించేవారు దానిని రకాలవారీగా వేరుచేసి, నిర్వహణ ప్రణాళికను స్థానిక సంస్థకు సమర్పించవలెనని ఆ నియమాలు నిర్దేశించినవి. వీటి స్థానములో 2026 ఏప్రిల్ 1 నుండి అమలయ్యేటట్లు కొత్త నియమాలు 2025లో ప్రకటింపబడినవి. హైదరాబాదులోని జీడిమెట్లలో రోజుకు 500 టన్నుల శిథిలాలను ఇసుకగా, కంకరగా మార్చే కేంద్రము 2020లో ప్రారంభమైనది.

తెలుగు పల్లెలలో, పట్టణ శివార్లలో సిమెంటు రేకుల కప్పులు నేటికీ విస్తారముగా ఉన్నవి. వీటిలో చాలావాటిలో క్రిసోటైల్ ఆస్బెస్టాస్ ఉంటుంది. భారతదేశములో దీని వాడకముపై నిషేధము లేదు. పాత రేకులను దించునపుడు సుత్తితో పగులగొట్టక, మేకులు విప్పి, నీటితో తడిపి, పూర్తి రేకుగానే దించుట వలన నార గాలిలోనికి లేచుట చాలావరకు తగ్గుతుంది.